కాస్టిక్ సోడాతో పని: ఎంచుకోవడం నుంచి పారబోయడం దాకా

ఎన్నాళ్ళ నుంచో పేరుకున్న జిడ్డు, మాడి అట్టకట్టిన మసి, జుట్టూ సబ్బూ కలిసి పూడుకుపోయిన పైపు. వీటి దగ్గర మామూలు సబ్బు చేతులెత్తేస్తుంది. అప్పుడు చాలామందికి గుర్తొచ్చేది కాస్టిక్ సోడా. అది నిజంగానే గట్టి పని చేస్తుంది. కాకపోతే దాన్ని వాడేటప్పుడు ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్నదే అన్నిటికన్నా ముఖ్యం. నీళ్ళు ముందు పోయాలా, కాస్టిక్ ముందు వేయాలా? గ్లౌజులు మూత తీయకముందు తొడుక్కోవాలా, తీశాక తొడుక్కుంటే సరిపోతుందా? ఈ వరస కుదిరితే ఓపిక ఉన్న ఎవరైనా చేయగల పని ఇది. వరస తప్పితే అదే డబ్బా కన్ను పోగొట్టగలదు. అందుకే ఇక్కడ చెప్పేదంతా పని జరగాల్సిన వరసలోనే చెబుతున్నాను. మధ్యలోకి దూకకుండా మొదటి నుంచి చదవండి.

ముందు దాని తీరు తెలుసుకోండి

కాస్టిక్ సోడా ఒక క్షారం. నీటిలో కరిగినప్పుడు హైడ్రాక్సైడ్ అయాన్లు ఇచ్చేవాటిని క్షారాలంటాం. ఒక ద్రావణం ఆమ్లమో క్షారమో, ఎంత బలమైనదో చెప్పే కొలత పీహెచ్. పీహెచ్ 7 అంటే తటస్థం, అంతకన్నా పైన ఉన్నవి క్షారాలు. ఒక్క అంకె పెరిగిందంటే బలం పది రెట్లు పెరిగినట్టు. ఈ సంగతి మరిచిపోతే అంకెలు మోసం చేస్తాయి. వంటసోడా నీళ్ళు 8కి కాస్త పైన ఉంటాయి, చాకలి సోడా నీళ్ళు 11 ప్రాంతంలో. చాలామంది ఈ రెంటినీ ఒకేలా చూస్తారు గానీ వాటి మధ్య వందల రెట్ల తేడా ఉంది. సున్నపు తేట 12.4 దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే లీటరు నీటిలో సున్నం రెండు గ్రాములు కూడా కరగదు. కాస్టిక్ సోడాకి అలాంటి హద్దు లేదు. లీటరుకు 4 గ్రాములు కరిగితే చాలు పీహెచ్ 13కి చేరుతుంది, 40 గ్రాములకు 14 దగ్గరికి వస్తుంది. అక్కడితో ఆగకుండా ఇంకా కరుగుతూనే ఉంటుంది.

ఈ బలంతో అది రెండు పనులు చేస్తుంది. కొవ్వునీ నూనెనీ విడగొట్టి సబ్బుగా, గ్లిజరిన్‌గా మారుస్తుంది. ప్రోటీన్‌ను ముక్కలు చేసి కరిగిస్తుంది. పైపులో జుట్టు కరిగేది, ఇనుప పెనం మీద మాడిన జిడ్డు ఊడేది ఈ రెండు పనుల వల్లే. అయితే మన చర్మమూ కంటిపొరా కూడా కొవ్వూ ప్రోటీనే. కాస్టిక్ వాటిని వేరుగా చూడదు.

ఆమ్లం పడితే చాలాసార్లు వెంటనే మండుతుంది, చర్మం పైపొర గడ్డకట్టి లోపలికి పోకుండా కొంత అడ్డం పడుతుంది. క్షారం అలా కాదు. కణజాలాన్ని మెత్తగా ద్రవంలా చేసుకుంటూ లోపలికి దిగుతూనే ఉంటుంది. పలచని ద్రావణమైతే మొదట్లో నొప్పి కూడా తెలియకపోవచ్చు. వేళ్ళు జారుతున్నట్టు, సబ్బు అంటుకున్నట్టు అనిపిస్తుంది, అంతే. ఆ జారుడుకి కారణం మీ చర్మంలోని కొవ్వు సబ్బుగా మారుతూ ఉండటమే. కాబట్టి చేయి జారుడుగా అనిపించిందంటే మంట కోసం ఎదురుచూడకండి. అప్పుడే చేయి కుళాయి కింద పెట్టండి.

అసలు మీ పనికి ఇది అవసరమా?

నా సలహా ఏమిటంటే, పని పూర్తి చేయగల వాటిలో అన్నిటికన్నా బలహీనమైన దాన్ని ఎంచుకోండి. అందుకు ముందు మురికి ఏ రకందో చూడాలి. కుళాయి చుట్టూ, బకెట్ లోపల తెల్లగా గట్టిగా కట్టే నీటి చారకు కాస్టిక్ అస్సలు పనికిరాదు. అది కాల్షియం కార్బొనేట్, దానికి ఆమ్లం కావాలి. వెనిగరో నిమ్మ ఉప్పో సరిపోతుంది. తుప్పు కూడా అంతే. గోడ మీది బూజుకు వేరే మందు ఉంది. రోజువారీ నూనె మరకలకు గిన్నెల సబ్బూ వేడినీళ్ళూ చాలు. కొంచెం పాతబడిన జిడ్డుకు చాకలి సోడా, లీటరు గోరువెచ్చని నీటికి రెండు మూడు చెంచాలు కలిపి పావుగంట నాననిస్తే చాలాసార్లు కాస్టిక్ జోలికి పోవాల్సిన పనే ఉండదు. దానికీ గ్లౌజులు వేసుకోవాలి, కానీ ఒక చుక్క చిందినంత మాత్రాన టెన్షన్ పడక్కర్లేదు.

కాస్టిక్ నిజంగా అవసరమయ్యేవి మూడు నాలుగే: జుట్టూ కొవ్వూ పట్టిన పైపు, మాడి నల్లగా గట్టిపడిన జిడ్డు, పాత నూనె రంగులు ఊడదీయడం, ఇంకా సబ్బు తయారీ. సబ్బుకు కొలతలు వేరు, నూనె నూనెకూ మారతాయి కాబట్టి ఇక్కడ దాని జోలికి పోవడం లేదు.

లేబుల్ చదవడం

డబ్బా మీద పేరు ఏదైనా ఉండొచ్చు. లోపలున్న పదార్థం పేరు వెతకండి. సోడియం హైడ్రాక్సైడ్ అంటే కాస్టిక్ సోడా. పొటాషియం హైడ్రాక్సైడ్ అంటే కాస్టిక్ పొటాష్, ద్రవ సబ్బులకూ ఆల్కలైన్ బ్యాటరీలకూ వాడేది. జాగ్రత్తల విషయంలో ఈ రెండూ ఒకటే అనుకోండి. సోడియం మెటాసిలికేట్ జిడ్డు తీసే పొడుల్లో ఉంటుంది, అదీ గట్టిదే. సోడియం హైపోక్లోరైట్ అని ఉంటే అది బ్లీచ్. అది కూడా క్షార ద్రావణమే అయినా దాని సంగతి వేరు, దేనితోనూ కలపకూడదు.

తర్వాత శాతం చూడండి. ఐరోపా వర్గీకరణలో కాస్టిక్ సోడా 2 శాతానికి చేరితే చర్మాన్ని కాల్చే పదార్థం కిందికి వస్తుంది, 5 శాతం నుంచి అందులోనే అత్యంత తీవ్రమైన తరగతి. అర శాతం నుంచి 2 శాతం లోపు ఉన్నది కూడా చర్మాన్ని రేపుతుంది. అంటే బకెట్ నీటిలో గుప్పెడు వేసి కలిపినది కూడా ‘పలచన’ అనుకుని చేయి ముంచే ద్రావణం కాదు. చేయి మీదా లోహపు ముక్క మీదా ద్రవం ఒలికి తినేస్తున్నట్టు ఉండే బొమ్మ డబ్బా మీద కనిపిస్తే, కింద చెప్పిన ఏర్పాట్లన్నీ తప్పనిసరి.

దేని మీద వాడకూడదు

అన్నిటికన్నా ముందు గుర్తుంచుకోవాల్సింది అల్యూమినియం. కాస్టిక్ దాన్ని కరిగించి హైడ్రోజన్ వాయువును పుట్టిస్తుంది. ఒక్క గ్రాము అల్యూమినియం నుంచి లీటరుకు పైగా హైడ్రోజన్ వస్తుంది, దాంతోపాటు విపరీతమైన వేడి. అది మండే వాయువు. వంటగది చిమ్నీల జాలి ఫిల్టర్లు చాలావరకు అల్యూమినియంవే. వాటిని కాస్టిక్‌లో నానబెడితే నల్లబడి పాడవుతాయి. చాకలి సోడా కూడా అల్యూమినియాన్ని మసకబారుస్తుంది, కాబట్టి వాటికి గిన్నెల సబ్బే మేలు. అల్యూమినియం గిన్నెలో కాస్టిక్ కలపడం గురించి ఇక చెప్పనక్కర్లేదు. జింకు పూత వేసిన బకెట్లు, ఇత్తడి సామాను కూడా ఈ కోవలోకే వస్తాయి.

ఇనుము, పోత ఇనుము, స్టెయిన్‌లెస్ స్టీలు మామూలు ఉష్ణోగ్రత దగ్గర బాగా తట్టుకుంటాయి. ప్లాస్టిక్ పాత్ర అడుగున త్రికోణంలో 2 గానీ 5 గానీ ఉంటే పనికొస్తుంది. తాగునీటి సీసాల ప్లాస్టిక్, అంటే 1 అంకె ఉన్నది, పనికిరాదు. క్షారం దాన్ని నెమ్మదిగా విడగొడుతుంది. గాజు పాత్ర కూడా వద్దనే చెబుతాను. కలిపేటప్పుడు పుట్టే వేడికి పగలొచ్చు, ఎక్కువ కాలం ఉంచితే గాజు పైపొరనే క్షారం తినేస్తుంది. ఉన్ని, పట్టు, తోలు, రంగు వేసిన గోడలు, చెక్క సామాను మీద కాస్టిక్ పడనివ్వకండి. నూలు బట్ట కొంత తట్టుకుంటుంది గానీ అది మీ ఒంటి మీద ఉంటే ఆ తట్టుకోవడం వల్ల మీకు ఒరిగేదేమీ లేదు.

మూత తీయకముందే చేయాల్సినవి

పక్కలు కూడా మూసి ఉండే గాగుల్స్ పెట్టుకోండి. చూపు కోసం వాడే కళ్ళద్దాలు సరిపోవు, చుక్క పక్క నుంచి వస్తుంది. నైట్రైల్, నియోప్రీన్ లేదా పీవీసీ గ్లౌజులు మోచేతి దాకా ఉన్నవి కావాలి. తోలు గ్లౌజులు వేసుకోవద్దు. ద్రావణం వాటిలోకి ఇంకి చర్మానికి పట్టుకుని ఉంటుంది. పొడవు చేతుల చొక్కా, కాళ్ళు పూర్తిగా మూసే చెప్పులో బూట్లో ఉండాలి. ప్యాంటు అంచును బూటు మీదికి దించండి, లోపలికి దోపితే కారిన ద్రవం బూటులోకే పోతుంది.

కిటికీలు తెరవండి. పిల్లల్నీ పెంపుడు జంతువుల్నీ వేరే గదిలో ఉంచి తలుపు వేయండి. పారే నీళ్ళు రెండు అడుగుల్లో అందేలా చోటు చూసుకోండి. కుళాయి లేని చోట పని చేయాల్సి వస్తే నిండు బకెట్లు రెండు, ఒక మగ్గు ముందే పెట్టుకోండి. కళ్ళు మూసుకుని కూడా ఆ నీటి దగ్గరికి చేరగలరో లేదో ఒకసారి చూసుకోండి. ప్రమాదం జరిగితే మీరు చేయాల్సింది అచ్చంగా అదే.

చిందితే ఏం చేయాలో కూడా ఇప్పుడే చదివేసుకోండి, అప్పుడు చదివే వీలుండదు.

కంట్లో పడితే ఆ క్షణమే నీళ్ళు. రెప్పలు వేళ్ళతో విడదీసి పట్టుకుని, కనుగుడ్డు అన్ని వైపులా తిప్పుతూ, సన్నని ధారగా పారే నీటితో కనీసం 20 నుంచి 30 నిమిషాలు కడగాలి. ముక్కు వైపు నుంచి బయటికి పారేలా తల వంచండి, లేకపోతే రెండో కంట్లోకి పోతుంది. కాంటాక్ట్ లెన్స్ సులువుగా వస్తే తీసేయండి, రాకపోతే దానికోసం కడగడం ఆపకండి. పక్కనున్నవాళ్ళు ఈలోగా ఆసుపత్రికి వెళ్ళే ఏర్పాటు చూడాలి. నొప్పి తగ్గినా సరే డాక్టర్‌కు చూపించాల్సిందే.

చర్మం మీద పొడి పడితే ముందు పొడి గుడ్డతో దులపండి, ఆ తర్వాత పుష్కలంగా నీళ్ళు. ద్రవమైతే తడిసిన బట్టలు విప్పుతూనే కడగడం మొదలుపెట్టి, అరగంట పాటు ఆపకుండా సాగించండి. వెనిగరో నిమ్మరసమో పోస్తే విరిగిపోతుందని కొందరు చెబుతారు. అలా చేయకండి. ఆమ్లం, క్షారం కలిసినప్పుడు వేడి పుడుతుంది, పైగా దాన్ని వెతుక్కునే ఒక నిమిషంలో క్షారం ఇంకా లోపలికి దిగుతుంది. నీళ్ళను మించిన విరుగుడు లేదు.

పొరపాటున మింగితే వాంతి చేయించకూడదు. దిగేటప్పుడు గొంతును కాల్చినది ఎక్కేటప్పుడు మళ్ళీ కాలుస్తుంది. విరుగుడుగా ఏదీ తాగించకండి. నోరు పుక్కిలించి ఉమ్మించి, డబ్బా చేతబట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

కలపడం

ఇక్కడ సూత్రం ఒకటే: నీళ్ళలో కాస్టిక్ వేయాలి, కాస్టిక్ మీద నీళ్ళు పోయకూడదు. కారణం వేడి. ఒక గ్రాము కాస్టిక్ సోడా కరిగితే సుమారు 1.1 కిలోజౌళ్ళ వేడి వస్తుంది. లీటరు నీటిలో 100 గ్రాములు కరిగిస్తే ద్రావణం దాదాపు 25 డిగ్రీలు వేడెక్కుతుంది, అంటే 25 డిగ్రీల నీళ్ళు 50కి చేరతాయి. అదే లీటరులో 250 గ్రాములు వేస్తే 80 దాటే వీలుంది. ఇంత వేడిని పంచుకోవడానికి లీటరు నీళ్ళున్నప్పుడే ఇలా ఉంది. కుప్పగా ఉన్న కాస్టిక్ మీద కొద్ది నీళ్ళు పోస్తే ఆ కాసిని నీళ్ళూ అక్కడికక్కడే మరిగి, కాస్టిక్‌ను వెంటబెట్టుకుని మీ మొహం మీదికి ఎగిరిపడతాయి.

నీళ్ళు చల్లగా ఉండాలి. త్వరగా కరుగుతుందని వేడినీళ్ళు తీసుకోకండి, పుట్టే వేడి చాలదని మీరు కూడా కలిపినట్టవుతుంది. పాత్రలో సగానికి మించి నింపకండి. కొలత గ్లాసులతో కాకుండా తూకంతో చూసుకోండి, ఎందుకంటే ఫ్లేక్స్, గుళికలు, పొడి ఒకే గ్లాసులో వేర్వేరు బరువు తూగుతాయి. 5 శాతం ద్రావణం కావాలంటే 950 గ్రాముల నీటికి 50 గ్రాములు. 2 శాతం చాలనుకుంటే 980కి 20. ఇంటి పనికి 5 శాతం దాటాల్సిన అవసరం నాకెప్పుడూ కనిపించలేదు.

పాత్ర సింక్‌లో గానీ వెడల్పాటి టబ్బులో గానీ పెట్టండి, ఒలికినా అందులోనే ఉంటుంది. మీ మొహం పాత్రకు పక్కగా ఉండాలి, సరిగ్గా పైన ఉండకూడదు. ఒక్కో చెంచా జల్లుతూ, పొడవాటి స్టీలు గరిటెతో లేదా ప్లాస్టిక్ కర్రతో నెమ్మదిగా తిప్పండి. ముందు వేసినది పూర్తిగా కరిగాకే తర్వాతిది. తిప్పకుండా వదిలేస్తే గుళికలు అడుగున చేరి రాయిలా అతుక్కుంటాయి, ఆ గడ్డ తర్వాత ఒక్కసారిగా కరగడం మొదలుపెడితే అక్కడే నీళ్ళు మరుగుతాయి. పైకి వచ్చే సన్నని తుంపర గొంతులో గుచ్చుకుంటుంది, దాన్ని పీల్చకండి. చెంచా తీసిన ప్రతిసారీ డబ్బా మూత పెట్టేయండి. కాస్టిక్ గాలిలోని తేమనూ కార్బన్ డయాక్సైడ్‌నూ లాక్కుంటుంది. మూత లేకుండా వదిలేసిన గుళికలు కాసేపట్లోనే చెమ్మగిల్లి, రోజులు గడిచేకొద్దీ కార్బొనేట్‌గా మారిపోతాయి. తెల్లటి పెచ్చు కట్టిన పాత కాస్టిక్ తూకంలో సరిపోయినా పనిలో తగ్గేది అందుకే.

కలిపాక చల్లారనివ్వండి. పాత్ర మీద ఏముందో, ఎంత శాతమో రాసి అంటించండి. మీరు పది నిమిషాలు పక్కకు వెళ్ళినప్పుడు చూసేవాళ్ళకు అది నీళ్ళలాగే కనిపిస్తుంది.

పూడుకుపోయిన పైపు

ముందు చేతితో అయ్యేదంతా చేయండి. జాలీ తీసి, కొక్కెం ఉన్న తీగతో జుట్టు లాగేయండి. సగం సందర్భాల్లో పని అక్కడే అయిపోతుంది. నీళ్ళు నెమ్మదిగానైనా దిగుతుంటేనే కాస్టిక్ వాడాలి. పూర్తిగా ఆగిపోయి నీళ్ళు నిలబడి ఉంటే వాడకండి. అది అడ్డంకి దగ్గరికి చేరదు, పైనే నిలిచి ఉంటుంది, తర్వాత ఆ పైపు విప్పేవారి మీద పడుతుంది.

లేబుల్ మీద చెప్పిన మోతాదు దాటకండి. ఎక్కువ వేస్తే ఎక్కువ శుభ్రం అవుతుందనుకోవడం ఇక్కడ ఎదురుతిరుగుతుంది: నీళ్ళు చాలక, పుట్టిన సబ్బుతో కలిసి కాస్టిక్ పైపులోనే గడ్డకట్టి, ముందున్న అడ్డంకి కన్నా గట్టిదైపోవచ్చు. పీవీసీ పైపు 80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది కాబట్టి మరిగే నీళ్ళు కలపకండి. కొన్ని డ్రైన్ పొడుల్లో వేడి పెంచడానికి అల్యూమినియం తునకలు కావాలనే కలుపుతారు, అవి మరింత వేడెక్కి హైడ్రోజన్ వదులుతాయి. దగ్గర్లో మంట ఉండకూడదు. లేబుల్ చెప్పినంతసేపు ఉంచి, తర్వాత చల్లటి నీళ్ళు ధారాళంగా వదలండి.

దిగలేదనుకోండి. అప్పుడు చేయకూడనివి రెండు. ప్లంజర్‌తో కొట్టకండి, లోపలున్న ద్రావణం మీ మొహం మీదికే వస్తుంది. రెండోది, ఇంకో రకం డ్రైన్ క్లీనర్ పోయకండి. వాటిలో కొన్ని గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం. కాస్టిక్‌తో కలిస్తే పైపులోనే ఉడికి చిమ్ముతుంది. ప్లంబర్‌ని పిలిచి, లోపల కాస్టిక్ వేశామని ఆయన సామాను తీయకముందే చెప్పండి. ఇది మర్యాద కోసం చెబుతున్న మాట కాదు, ఆయన కళ్ళ కోసం. సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇంట్లో పదేపదే వాడితే అందులో పని చేసే బాక్టీరియా చచ్చిపోతుంది, అదీ గుర్తుంచుకోండి.

మాడిన ఇనుము, పాత రంగు

పోత ఇనుప పెనాల మీద ఏళ్ళ తరబడి మాడిన పొర తీయడానికి కాస్టిక్ నానుడు చాలా మంచి పద్ధతి. గీకుడు అక్కర్లేదు, ఇనుముకు నష్టం లేదు. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో లీటరుకు 25 గ్రాముల చొప్పున ద్రావణం చేసి, పెనం పూర్తిగా మునిగేలా ఉంచండి. ఒక రోజు తర్వాత గ్లౌజులతో తీసి ప్లాస్టిక్ బ్రష్‌తో రుద్దండి, మిగిలితే మళ్ళీ ముంచండి. చెక్క పిడి ఉన్నవి, అల్యూమినియం కలిసినవి ముంచకండి. అదే ద్రావణం నల్లగా మారినా మరికొన్ని పెనాలకు పనికొస్తుంది. తీశాక బాగా కడిగి, వెంటనే ఆరబెట్టి, పలచగా నూనె రాయండి. పై పొర పోయిన ఇనుము కాసేపట్లోనే తుప్పు రంగు తేలుతుంది.

లోహం మీది పాత నూనె రంగుకు 5 శాతం ద్రావణాన్ని మైదా జిగురులాంటి చిక్కటి ముద్దగా చేసి పట్టిస్తే జారిపోకుండా నిలుస్తుంది. చెక్క మీద ఈ పని చేయకండి, చెక్క నల్లబడి పీచులు లేస్తాయి. అంతకన్నా ముఖ్యం, చాలా పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. అలాంటి అనుమానం ఉంటే ఆ పని నిపుణులకే వదిలేయండి.

కడగడం అయిపోయిందని ఎలా తెలుస్తుంది? జారుడు పోవడం ఒక గుర్తే గానీ చేత్తో పరీక్షించకండి. పీహెచ్ కాగితాలు దొరుకుతాయి, చివరి కడుగు నీటిలో ముంచి 7–8 చూపిస్తే చాలు. క్షారం ఉందో లేదో రంగుతో చూపే ఫినాఫ్తలీన్ చుక్కలు వాడేవారికి ఒక హెచ్చరిక: మామూలు క్షారంలో అది గులాబీ రంగుకు మారుతుంది గానీ, మరీ గాఢమైన కాస్టిక్‌లో మళ్ళీ రంగు పోతుంది. రంగు రాలేదంటే క్షారం లేదని అర్థం కాదు.

ఫ్యాక్టరీలో పని చేసేవారికి

ఉప్పునీటి గుండా కరెంటు పంపితే కాస్టిక్ సోడా, క్లోరిన్, హైడ్రోజన్ మూడూ ఒకేసారి వస్తాయి. టన్ను క్లోరిన్‌తో పాటు దాదాపు 1.13 టన్నుల కాస్టిక్ తయారవుతుంది. మెంబ్రేన్ సెల్ నుంచి, అంటే మధ్యలో పలచటి పొర ఉండి ఉప్పునీటిని కరెంటుతో విడగొట్టే తొట్టి నుంచి, 32 శాతంగా వచ్చిన దాన్ని ఇగిర్చి 50 శాతానికి చేసి ట్యాంకర్లలో పంపుతారు. బాక్సైట్ నుంచి అల్యూమినా తీసే బేయర్ పద్ధతి, చెక్క ముక్కల్ని 170 డిగ్రీల దగ్గర ఉడికించి కాగితపు గుజ్జు తీసే క్రాఫ్ట్ పద్ధతి, నూలుకు బలమూ రంగు పట్టే గుణమూ ఇచ్చే మెర్సరైజేషన్ అన్నీ దీని మీదే నడుస్తున్నాయి. ఈ చివరిదానికి జాన్ మెర్సర్ 1850లో పేటెంట్ తీసుకున్నాడు.

ఈ 50 శాతం ద్రావణం దగ్గర పని చేసేవారు మూడు సంగతులు చూసుకోవాలి. ఇది 12 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, అందుకే చలి ప్రాంతాల్లో పైపులకు వెచ్చదనం ఇచ్చే తొడుగు ఉంటుంది. గడ్డకట్టిన లైను ఖాళీగా ఉందనుకుని ఫ్లాంజి (పైపుల్ని బోల్టులతో కలిపే అంచు) విప్పితే, కాస్త వేడెక్కగానే లోపలిదంతా బయటికొస్తుంది. లైను విప్పేముందు ఒత్తిడి తీసేసి, కడిగి, బోల్టుల్లో మీకు దూరంగా ఉన్నవాటిని ముందు వదులు చేయండి. రెండు, మామూలు ఉక్కు చల్లటి కాస్టిక్‌ను తట్టుకున్నా, 50 డిగ్రీలు దాటితే వెల్డింగ్ దగ్గర పగుళ్ళు రావచ్చు. ట్యాంకు ఉష్ణోగ్రత మీద ఓ కన్నుండాలి. మూడు, 50 శాతాన్ని పలచన చేసేటప్పుడు కూడా మళ్ళీ వేడి పుడుతుంది. నీళ్ళలోకే కాస్టిక్ అన్న సూత్రం ఇక్కడా మారదు.

పాల ప్లాంట్లు, పానీయాల ప్లాంట్లలో పైపులు విప్పకుండానే కడుగుతారు. ముందు నీళ్ళు, తర్వాత 70–80 డిగ్రీల దగ్గర 1 నుంచి 2 శాతం కాస్టిక్, మళ్ళీ నీళ్ళు, ఆ తర్వాత ఖనిజాల పొర కోసం పలచటి నైట్రిక్ ఆమ్లం, చివరగా నీళ్ళు. కాస్టిక్‌కూ ఆమ్లానికీ మధ్య కడుగును కుదించి సమయం మిగుల్చుకోవాలని చూడకండి. ఇంకో ప్రమాదం బయటికి కనిపించదు: కార్బన్ డయాక్సైడ్ నిండిన మూసిన ట్యాంకులోకి కాస్టిక్ చల్లితే అది ఆ వాయువును మింగేస్తుంది, లోపల శూన్యం ఏర్పడి ట్యాంకు గోడలు లోపలికి నొక్కుకుపోతాయి. వేడి కాస్టిక్ తర్వాత ఒక్కసారిగా చల్లటి నీళ్ళు చల్లినా ఇదే జరగొచ్చు. కడుగు మొదలుపెట్టే ముందు గాలి లోపలికి వచ్చే దారి తెరిచి ఉందో లేదో చూడటం ఎవరి పనో పేరుతో సహా తేల్చుకోండి.

దాచడం, పారబోయడం

కాస్టిక్‌ను అది వచ్చిన డబ్బాలోనే ఉంచండి. తాళం ఉన్న చోట, నేలకు దగ్గరగా, పొడిగా ఉండే అరలో. ఎత్తున పెడితే దించేటప్పుడు మొహం మీద పడుతుంది. ఆమ్లాలు, బ్లీచ్, అల్యూమినియం సామాను, అమ్మోనియం ఎరువులు ఆ అరలో ఉండకూడదు. అమ్మోనియం లవణాలకు కాస్టిక్ తగిలితే అమ్మోనియా వాయువు వస్తుంది. తాగే సీసాలో మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పోయకండి. అమెరికాలో గొంతు వైద్యుడు షెవాలియర్ జాక్సన్ ఇళ్ళలోని కాస్టిక్ మింగి అన్నవాహిక కాలిపోయిన పిల్లలకు చికిత్స చేసి చేసి, ఇలాంటి డబ్బాల మీద విషం అని రాయాలంటూ ఏళ్ళ తరబడి పోరాడాడు. 1927లో అక్కడ ఆ మేరకు చట్టం వచ్చింది. డబ్బా మీది హెచ్చరిక వెనక అంత బాధ ఉంది. దాన్ని చింపి వేరే సీసాలోకి మార్చకండి.

నేల మీద గుళికలు పడితే పొడి చీపురుతో, ప్లాస్టిక్ చేటలోకి ఎత్తండి. ముందే తడిపితే వేడెక్కి పాకుతుంది. ద్రవం ఒలికితే ఇసుకతో గట్టు కట్టి పీల్పించి, మిగిలిన మరకను ఎక్కువ నీళ్ళతో తుడవండి.

మిగిలిన ద్రావణాన్ని పారబోయడం కన్నా వాడేయడం మేలు. తప్పనిసరి అయితే, కొద్దిపాటి పలచటి ద్రావణాన్ని చాలా నీళ్ళతో కలిపి ఇంటి డ్రైన్‌లోకి వదలొచ్చు. మట్టిలో, మొక్కల్లో, బయటి కాలువలో పోయకండి. అంతకన్నా ఎక్కువుంటే ముందు పది రెట్లు పలచన చేసి, పూర్తిగా చల్లారాక, నీటిలో కరిగించిన నిమ్మ ఉప్పును కొంచెం కొంచెంగా పోస్తూ తిప్పండి. 100 గ్రాముల కాస్టిక్‌కు దాదాపు 160 గ్రాముల నిమ్మ ఉప్పు పడుతుంది. మధ్యమధ్యలో కాగితంతో చూస్తూ, పీహెచ్ 6 నుంచి 9 మధ్యకు రాగానే ఆపేయండి. ఇది ఖాళీ పాత్రలో నెమ్మదిగా చేసే పని. ఒంటి మీద పడ్డప్పుడు చేసేది కాదని పైన చెప్పిన మాట ఇక్కడ మరవకండి. కిలోల్లో మిగిలితే మీ ఊరి ప్రమాదకర వ్యర్థాల విభాగాన్ని అడగండి.

గ్లౌజులు చేతికి ఉండగానే బయటి వైపు కడిగి, ఆ తర్వాతే విప్పండి. గాగుల్స్ అన్నిటికన్నా చివర తీయాలి. ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి, మూత విడిగా తీసి, ఇంకెవరూ అందులో నీళ్ళు పట్టుకోకుండా అడుగున కన్నం చేసి పారేయండి.